ఈయనేనా అతను

ఆ ఆఫీసులో మనుషులకు పేర్లుండవు. కేసులే ఉంటాయి.

నేను వెళ్ళేసరికి ముందు గదిలో బల్ల వెనక కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండా, "గోడ తగాదా, లోపలికి రండి" అంది. ఒక బట్టతల మనిషి లేచి చొక్కా సర్దుకుంటూ వెళ్ళాడు. తర్వాత, "వీలునామా పెద్దాయనా, మీ అబ్బాయిని కాసేపు బయట నిలబడమనండి" అంది. పెద్దాయన కదల్లేదు. కొడుకే మొహం మాడ్చుకుని మెట్లు దిగాడు. ఉద్యోగం ఊడిన ఒకతను గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడు. పిల్లను పెంచుకోవడానికి వచ్చిన మొగుడూ పెళ్ళాలు చేతులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళను "దత్తతగారూ" అని పిలిచింది. ఇద్దరూ ఒకేసారి "ఆఁ" అన్నారు.

అక్కడి లాయర్లు చేసే పనులన్నీ మెట్ల దగ్గర బోర్డు మీద రాసి ఉన్నాయి. పెళ్ళిళ్ళు, విడాకులు, వీలునామాలు, ఇళ్ళూ స్థలాలూ, ప్రమాదాలు, ఉద్యోగ తగాదాలు, పోలీసు కేసులు. మనిషి పుట్టింది మొదలు పోయేదాకా ఎక్కడెక్కడ ఇరుక్కుంటాడో అంతా ఆ ఒక్క రేకు ముక్క మీదే ఉంది.

"కిరాణా కొట్టులా ఉంది బావా. అన్నీ ఒకే చోట దొరుకుతాయి" అన్నాడు నాతో వచ్చిన మా బావమరిది.

నేను నవ్వలేదు. జోకులేయడం వాడి జబ్బు. సొంత అక్క పోయి ఇంకా ఏడాది తిరగలేదు, వాడికి జోకులు.

నేను తాపీ మేస్త్రీని. ఊళ్ళో బడి ఉన్నంతవరకే చదివాను. నా భార్య బడిపిల్లల యూనిఫారాలు కుట్టే షెడ్డులో పని చేసేది. ఆ షెడ్డులో మిషన్ల వరసకు పైన అటక ఉండేది. దాని మీద గుడ్డల బేళ్ళు పేర్చేవాళ్ళు. ఆ అటకను మోసేది ఒంటి ఇటుక గోడ. ఒకరోజు మధ్యాహ్నం ఆ అటక బేళ్ళతో సహా ఆమె మీద పడింది. మిషను మీద వంగి ఉన్నది వంగినట్టే ఉండిపోయిందట. చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పారు. నేను చూసింది ఆసుపత్రిలో.

షెడ్డు ఓనరు ఇంటికి వచ్చి, "దేవుడు రాసిన రాత" అన్నాడు. అటక కట్టించింది దేవుడు కాదు, వాడు. వాణ్ణి కోర్టులో నిలబెట్టాలి. నేను బోనెక్కి, ఆ గోడ మోయదని నేను ముందే చెప్పానని వాడి మొహం మీద అనాలి. నాకు కావలసింది అదొక్కటే. అందుకే లాయరు కోసం వచ్చాను. ఈ ఆఫీసు చూపించింది మా బావమరిదే.

బెంచీ మీద నా పక్కన చోటు చేసుకుంటూ ఒక లావుపాటి ఆవిడ, "మీదేంటండీ?" అంది. ఆసుపత్రి బెంచీ మీద రోగం అడిగినట్టు ఇక్కడ కేసు అడుగుతారు.

"చావు" అన్నాను.

ఆవిడ కొంచెం పక్కకు జరిగింది.

అప్పుడు బల్ల వెనక అమ్మాయి తల ఎత్తింది. నన్ను చూడలేదు. మా బావమరిదిని చూసి నవ్వింది. తెలిసినవాళ్ళను చూసి నవ్వే నవ్వు.

"మీరా అండీ! అక్కగారు రాలేదేం? పోయినసారి రమ్మన్నప్పుడూ రాలేదు. మేడమ్ రెండు మూడు సార్లు అడిగారు. ఫోను చేస్తే ఎత్తట్లేదు."

నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. వీడికి ఇంకో అక్క లేదు.

"ఎవరి అక్క?" అన్నాను.

మా బావమరిది ఆ అమ్మాయికి చేత్తో ఏదో సైగ చేశాడు. ఆ అమ్మాయికి అందలేదు.

"ఈయన ఎవరండీ?" అంది.

"మా... మా బావ" అన్నాడు.

ఆ అమ్మాయి నన్ను కింది నుంచి పై దాకా చూసింది. నా చేతులకు పట్టిన సిమెంటు చూసింది. నోటిమీద చెయ్యి పెట్టుకోబోయింది కానీ మాట ముందే జారిపోయింది.

"ఈయనేనా అతను?"

బెంచీ మీద వాళ్ళందరూ నా వైపు తిరిగారు. నిద్రపోతున్నవాడు కూడా కళ్ళు తెరిచాడు.

"ఏమ్మా, ఏ అతను?" అన్నాను.

"సారీ అండీ. అంటే... మీరు అవతలి పార్టీ కదండీ. అవతలి పార్టీ ఇక్కడ కూర్చోకూడదు. మేడమ్ నన్ను తిడతారు."

"ఎవరికి అవతల?"

"అక్కగారికి."

"మీ అక్కగారు పోయింది" అన్నాను. "షెడ్డులో అటక కూలి పోయింది. ఆ కేసు వేద్దామనే వచ్చాను."

ఆ అమ్మాయి లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది. "పసుపు గొడుగు ఆవిడండీ?" అని మా బావమరిదిని అడిగింది. వాడు తలూపాడు. ఆ గొడుగు నా ఇంట్లో తలుపు వెనక వేలాడుతోంది. దాన్ని ఎప్పుడు కొనుక్కుందో నాకు తెలియదు. ఫోను నా అల్మరాలో ఉంది. నాలుగైదుసార్లు మోగింది. పోయిన మనిషి ఫోను ఎత్తి ఏం మాట్లాడాలి?

ఆ అమ్మాయి ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. నేను అక్కడే నిలబడ్డాను. చెవిలో ఆ ఒక్క మాటే తిరుగుతోంది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆమె నన్ను పిలిస్తే "ఏమండీ". పదిమందిలో నా గురించి చెబితే "ఆయన". ఆయన తినేశారు, ఆయన పనికెళ్ళారు. అతను అంటే ఎవరు? బస్సులో టిక్కెట్టు కొట్టేవాడు అతను. మీటరు చూసి పోయేవాడు అతను. నా పెళ్ళాం ఈ బెంచీ మీద కూర్చుని, ముక్కూ మొహం తెలియని పిల్లతో, నన్ను అతను అంది. ఒక్కసారి నోరు జారినా పోనీ అనుకోవచ్చు. ఆ పిల్లకు నేను ఆ పేరుతోనే గుర్తున్నాను.

లాయరమ్మ గదిలోకి పిలిచారు. నెరిసిన జుట్టు, కళ్ళజోడు, బల్ల మీద నీళ్ళ సీసా. మాట్లాడే ముందు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తుడిచింది అద్దాలను కాదు, కళ్ళను.

"కూర్చోండి."

"నిలబడతాను."

"ఆవిడ పోయిన సంగతి మాకు తెలీదు. ఇంకా నమ్మలేకపోతున్నాను." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "ఈ కేసు మీ తరఫున మేం తీసుకోలేమండీ."

"బోర్డు మీద ప్రమాదాలు అని రాసుకున్నారు."

"రాసుకున్నాం."

"నా భార్య ప్రమాదంలో పోయింది."

"ఆవిడ మా క్లయింటు. ఆవిడ తరఫున ఒకసారి నిలబడ్డాక మీ తరఫున నిలబడకూడదు. అది మా వృత్తి నియమం."

"దేనికి వచ్చింది మీ దగ్గరికి?"

"అది చెప్పలేను."

"నేను మొగుణ్ణి."

"తెలుసు. అయినా చెప్పలేను."

"చెప్పుకున్న మనిషే లేదు కదమ్మా. ఇంకెవరి కోసం దాస్తారు? ఆమె బట్టలు నా దగ్గరున్నాయి, కుట్టుమిషను నా దగ్గరుంది. ఆమెవన్నీ ఇప్పుడు నావే."

"ఇది మాత్రం కాదు" అంది లాయరమ్మ. గొంతు పెంచలేదు. నా భార్య వైపు నిలబడి నాతో అంత నెమ్మదిగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

తర్వాత చెప్పవలసినదేదో చెప్పింది. భర్తగా మొదటి హక్కు నాదేనట. ఎదురు వీధిలో ఇంకో లాయరున్నాడు, వెళ్ళవచ్చట. గడువు దాటకముందే వెళ్ళాలట. నేనే వద్దనుకుని తప్పుకుంటే తోడబుట్టినవాడు కేసు వేయవచ్చు, మాకు పిల్లలు లేరు గనక. వాడి తరఫున అయితే తాము నిలబడగలరు. "తప్పుకోమని నేను అనట్లేదు. ఉన్న దారులు చెప్పాను. అంతే" అంది.

బయటికి వచ్చాను. మెట్ల కింద తాళంచెవులు చేసే కొట్టు ఉంది. కొట్టువాడు మిషను మీద తాళంచెవి అరగదీస్తున్నాడు. మా బావమరిది నా వెనకే దిగాడు. వాణ్ణి చొక్కా పట్టుకుని గోడకు నిలబెట్టాను.

"దేనికి వచ్చిందిరా ఇక్కడికి?"

వాడు ఏదో అన్నాడు. మిషను గోలలో వినపడలేదు.

"గట్టిగా చెప్పు."

మళ్ళీ అన్నాడు. మళ్ళీ వినపడలేదు.

"నోట్లో ఏముందిరా, గట్టిగా ఏడువు!"

వాడు గొంతు చించుకున్నాడు. సరిగ్గా అప్పుడే మిషను ఆగింది.

"నీతో విడిపోదామని!"

కొట్టువాడు తిరిగి చూశాడు. ఎదురుగా సైకిలు దిగుతున్నవాడు చూశాడు. మెట్ల మీద వీలునామా పెద్దాయన కొడుకు చూశాడు. నేను చొక్కా వదిలేశాను.

గోడ కడుతున్నప్పుడు పరంజా కర్ర ఒక్కసారి కాళ్ళ కింది నుంచి తప్పుకుంటుంది. పడటానికి ముందు ఒక క్షణం మనిషి గాలిలో ఉంటాడు. ఏం జరిగిందో కాళ్ళకు తెలుస్తుంది, తలకు తెలియదు. అలా ఉంది.

"కొట్టానా?" అన్నాను.

"లేదు."

"తాగి వచ్చానా?"

"లేదు బావా."

"ఇంకో ఆడదాని జోలికి..."

"నీ మొహానికా?" అనేశాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. నవ్వబోయిన మొహం అలాగే వంకరపోయి ఏడుపైంది. "నువ్వు మాట్లాడలేదు బావా. అంతే. మాట్లాడటం మానేశావు."

"షెడ్డుకు వెళ్ళొద్దన్నాను. ఆ గోడ చూశాను. వెళ్ళేటట్టయితే నాతో మాట్లాడొద్దన్నాను. వెళ్ళింది. నేను మాట మీద నిలబడే మనిషిని."

"ఎన్నాళ్ళు నిలబడ్డావు బావా! కాళ్ళు నొప్పి పుట్టలేదూ?"

నాకు తెలిసి నా ఇంట్లో గొడవ లేదు. ఆమె పళ్ళెం పెట్టేది, నేను తినేవాణ్ణి. నేను వస్తే ఆమె మిషను ఆపేది. ఆమె లైటు తీసేది, నేను పడుకునేవాణ్ణి. అరుపులు లేవు, ఏడుపులు లేవు. పక్కింట్లో రోజూ గిన్నెలు ఎగిరేవి. మా ఇల్లు నెమ్మదైన ఇల్లు అనుకున్నాను. ఆమె కూడా అలాగే అనుకుంటోందని అనుకున్నాను. కాదని ఎవరైనా చెప్పారా? ఆమె చెప్పిందా?

"అక్క నీకు చెప్పింది బావా" అన్నాడు వాడు, నేను అడగకుండానే. "నీ ముందు నిలబడి చెప్పింది. గోడలకు వినపడింది కానీ నీకు వినపడలేదంది. అప్పుడు తీసుకొచ్చాను ఇక్కడికి. నేనే తీసుకొచ్చాను. తిట్టు."

తిట్టలేదు.

"అంతా తెలిసి నన్ను ఈ ఆఫీసుకే ఎందుకు తెచ్చావురా? వీధికొక లాయరున్నాడు కదా."

"నా నోటితో చెప్పలేక. లాయరమ్మ చెప్పేస్తుందిలే, నాకు బాధ తప్పుతుందనుకున్నాను. ఆవిడ నోరే విప్పలేదు."

"నీ నోరు పనిచేయకపోతే ఇంకొకరి నోరు అద్దెకు తెచ్చుకుంటావా?"

"అదే అలవాటు బావా. మీ ఇంట్లో నేర్చుకున్నదే. మీ ఇద్దరి మధ్యా నేనే కదా పోస్టుమాన్‌ని. 'మీ అక్కను అడుగు, తాళం ఎక్కడ పెట్టిందో.' 'మీ బావను అడుగు, రేపు పనుందేమో.' ఇద్దరూ ఒకే గదిలో ఉండి!"

కొట్టువాడు ఇంకో తాళంచెవి పట్టుకుని కూడా మిషను ఆన్ చేయలేదు. వింటున్నాడు. చూశాను. తల దించుకున్నాడు.

"సరే" అన్నాను. "ఎదురు వీధి లాయరు దగ్గరికి పోతాను. మొదటి హక్కు నాదే. నేనే వేస్తాను."

"వెయ్యి. వేశాక ఏమవుతుందో కూడా విను. షెడ్డు ఓనరుకి తెలుసు."

"ఏం తెలుసు?"

"ఇక్కడికి రావడానికి అక్క సగం పూట సెలవు అడిగింది. ఎందుకంటే చెప్పింది. అక్కకు అబద్ధం ఆడటం రాదు. రేపు నువ్వు బోనెక్కుతావు. వాడి లాయరు లేస్తాడు. 'ఏ భార్య పోయిందని వచ్చావయ్యా, నిన్నొదిలి పోదామనుకున్న మనిషే కదా' అంటాడు. 'ఆఖరిసారి ఆమెతో ఎప్పుడు మాట్లాడావు' అంటాడు. ఏం చెప్తావు? ఇక కోర్టంతా మీ ఇంటి చుట్టే తిరుగుతుంది. అటక ఊసు ఎవడికీ గుర్తుండదు. ఓనరు ఇంటికెళ్ళి అన్నం తిని పడుకుంటాడు."

వాడు చెప్పింది నిజం. జోకులు తప్ప ఏమీ రానివాడు, ఆ రోజు వాడి నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా నిజమే కావడం నాకు కంపరంగా ఉంది.

"నేను బోనెక్కాలిరా" అన్నాను. "ఆ గోడ మోయదని ముందే చెప్పానని నేను అనాలి. అది నేను తప్ప ఎవరూ అనలేరు."

"ఎవరికి చెప్పావు?"

"మీ అక్కకు."

"ఓనరుకి చెప్పావా?"

నేను వాడి వైపు చూశాను.

"మేస్త్రీవి కదా బావా. రోజూ పనికి పోతూ ఆ షెడ్డు ముందు నుంచే పోతావు. ఒక్కరోజు లోపలికి అడుగు పెట్టి, 'అయ్యా, ఈ గోడ మోయదు, కింద స్తంభం కట్టించు' అన్నావా? అక్కొక్కతే కాదు కదా, అక్కడ ఎంతమంది కుడుతున్నారు! ఎవరితోనైనా అన్నావా?"

కొట్టువాడు మిషను ఆన్ చేశాడు. ఇనుము మీద ఇనుము గీసుకుంటున్న చప్పుడు పళ్ళలోకి దిగింది. అడిగినదానికల్లా జవాబు చెప్పే అలవాటు నాకు లేదు.

మెట్లెక్కాను. మధ్యలో ఒకసారి ఆగాను. ఆమె ఈ మెట్లే ఎక్కి ఉంటుంది, ఆ పసుపు గొడుగు పట్టుకుని. మోకాలి నొప్పితో కమ్మీ పట్టుకుని ఉంటుంది. కమ్మీ మీద పెట్టిన చెయ్యి తీసేశాను.

లాయరమ్మ గది తలుపు తోసి నిలబడ్డాను. దత్తతవాళ్ళు లోపల ఉన్నారు. అయినా చెప్పాను.

"నేను తప్పుకుంటున్నాను. వాడే వేస్తాడు. ఆ ఓనరును మాత్రం వదలొద్దు."

"తొందరేం లేదండీ. ఇంటికెళ్ళి ఆలోచించుకుని..."

"ఆలోచించేందుకు ఏం మిగిలింది?"

లాయరమ్మ నన్ను చూసింది. జాలి కాదు అది. జాలి అయితే తిట్టి వచ్చేవాణ్ణి. "మంచిదండీ. కోర్టులో ఈ మాటే మీ నోటితో ఒకసారి చెప్పాల్సి ఉంటుంది" అంది.

"చెప్తాను."

నా భార్య మీద నాకు కోపం పోలేదు. ఎవరైనా అడిగితే అదే చెబుతాను. నాతో చెప్పవలసిన మాట ఊరందరికీ చెప్పుకుంది. షెడ్డు ఓనరుకు చెప్పింది, బల్ల వెనక పిల్లకు చెప్పింది. పోయేటప్పుడు కూడా చెప్పకుండా పోయింది. మా బావమరిది మీదా కోపం పోలేదు. కానీ ఓనరును నిలబెట్టడానికి నేను అడ్డమైతే అడ్డం తొలగాలి. కట్టులో ఒక ఇటుక వంకరగా ఉంటే దాన్ని పీకి పక్కన పడేస్తాం. దానికి కోపం వస్తుందా రాదా అని చూడం.

వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. మా బావమరిది అవతలి చివర కూర్చున్నాడు. మధ్యలో లావుపాటి ఆవిడ. దత్తతవాళ్ళు బయటికి వచ్చారు. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. ఏదో మంచి మాట విన్నట్టున్నారు.

బల్ల వెనక అమ్మాయి కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. గొంతు సవరించుకుంది.

"అటక కేసు, లోపలికి రండి."

నేను లేచాను. వాడూ లేచాడు. ఆ అమ్మాయి ఇద్దరినీ చూసింది. చేతిలో పెన్ను అటూ ఇటూ తిప్పుతూ నిలబడింది.

నేను కూర్చున్నాను.

వాడు లోపలికి వెళ్ళాడు. తలుపు సరిగ్గా మూసుకోలేదు. దాని కింది బందు వదులైంది, వచ్చేటప్పుడే చూశాను. లోపలి మాటలు వినపడుతున్నాయి. కుర్చీ జరిపిన చప్పుడు. లాయరమ్మ గొంతు.

"చనిపోయినావిడ మీకేమవుతారు?"

"అక్క అండీ. సొంత అక్క."

"ఆవిడ భర్త?"

కుర్చీ ఇంకోసారి కిర్రుమంది. వాడి చిన్నప్పటి నుంచి నేను వాడి బావను. ఎక్కడ కనపడినా బావా అని గావుకేక పెట్టేవాడు. పెళ్ళిచూపుల రోజు గుమ్మంలో అడ్డంగా నిలబడి, "బావా, నీ ఎత్తుకు మా గుమ్మం చాలదు" అని అందరినీ నవ్వించినవాడు.

"అతను తప్పుకున్నాడండీ" అన్నాడు.

లావుపాటి ఆవిడ నా వైపు జరిగింది. అంతా విన్నట్టే ఉంది. ఊరుకోలేకపోయింది.

"అయితే ఇప్పుడు మీదే కేసండీ?"

"నాకు కేసు లేదు" అన్నాను. "నేను అవతలివాణ్ణి."